బోణీ అయ్యాక

ఎమిలీ సంచిలోంచి టేపు తీయగానే ఓంప్రకాశ్ సేట్ కూల్‌డ్రింక్ తెప్పించాడు. జనరల్ బజారులో టేపు పట్టుకుని దుకాణంలోకి వచ్చేవాళ్ళు రెండే రకాలు. జాకెట్లు కుట్టే దర్జీలు, మెట్లు రోడ్డు మీదికి జరిగాయని చెప్పే మున్సిపాలిటీవాళ్ళు. ఈమె చేతిలో ఉన్నది దర్జీల మెత్తటి టేపు కాదు, లాగి వదిలితే చప్పున లోపలికి పోయే ఇనుప టేపు. అందుకని సేట్ సీసా మూత తానే తీసి, అంచు తుడిచి మరీ ఇచ్చాడు.

"నేను మున్సిపాలిటీ కాదండీ," అంది ఎమిలీ. "హాస్పిటల్ నుంచి వచ్చాను. ఊర్మిళ గారి గురించి ఫోన్ చేశాను కదా."

సేట్ ముఖంలోంచి భయం పోయి జాలి వచ్చింది. భయమే నయమనిపించింది, ఆ దుకాణంలో ఏళ్ళుగా చీరలు చూపించే ఊర్మిళకి. తన గురించి ఇద్దరు మాట్లాడుకుంటుంటే పక్కన తల వంచుకుని నిలబడటం ఆమెకి పెళ్ళిచూపుల తర్వాత ఇదే మొదటిసారి.

ఎమిలీది విచిత్రమైన ఉద్యోగం. క్యాన్సర్ వైద్యం ముగిసినవాళ్ళని మళ్ళీ వాళ్ళ వాళ్ళ పనుల్లో కుదురుకునేలా చేయడం. డాక్టర్లు బతికించి పంపిస్తారు. ఆ బతుకుతో సోమవారం పొద్దున ఏం చేయాలో చూసేది ఎమిలీ పనిచేసే విభాగం. అక్కడ ఒక గదిలో డ్రైవర్ల కోసం పాత స్టీరింగు ఒకటి, వంటవాళ్ళ కోసం ఇసుక నింపిన గిన్నెలు ఉంటాయి. చీరల దుకాణం ఏర్పాటు లేదు గనక ఊర్మిళ చేత ఆస్పత్రి దుప్పట్లు మడత పెట్టించింది. ఆస్పత్రి దుప్పటికి కొంగెటో కుచ్చిళ్ళెటో తెలియదు. అయినా వేసవంతా ఊర్మిళ వాటిని పట్టుచీరల్లా విప్పి, మడిచి, "ఇది చూడండమ్మా, కొత్త డిజైను, నిన్ననే దిగింది" అని ఎమిలీకి చూపించింది.

ఇప్పుడు ఎమిలీ నేల నుంచి ఊర్మిళ భుజం దాకా కొలిచి, అదే ఎత్తున అరల మీద సుద్దముక్కతో గీత గీసింది.

"ఈ గీత పైన ఉన్నవి ఆవిడ తీయకూడదండీ. రొమ్ముతో పాటు కుడి చంకలో గ్రంథులు కూడా తీసేశారు. బరువు మోస్తే చెయ్యి వాచిపోతుంది. చేతికి ఈ తొడుగు పగలంతా ఉండాలి. మధ్యమధ్యలో కూర్చుని చెయ్యి ఎత్తి పెట్టుకోవాలి. ఇంకోటి, చీరలకి పెట్టే గుండుసూదులు ఆవిడ చేత తీయించొద్దు."

"గుండుసూది గుచ్చుకుంటె గింత కథనా మేడమ్?"

"అంత కథేనండీ. ఇన్‌ఫెక్షన్ వస్తే చెయ్యి మొత్తం లాగేస్తుంది."

"అట్లనే. సూదులు ఇంకొకలు తీస్తరు."

సేట్ సూదులకి తలూపాడు. కుర్చీకి తలూపాడు. మొదట్లో ఒంటిపూట పనికి తలూపాడు. "మా ఇంటి ఆడపడుచసొంటిది మేడమ్. దసరా దాకా చూద్దాం. మంచిగ నడిస్తె మేమెందుకు వద్దంటం?" అన్నాడు. ఎమిలీ ఆ సంతోషంలో ఒక కాటన్ చీర కూడా కొనుక్కుని వెళ్ళింది.

ఊర్మిళకి మాత్రం ఆ తలూపడం నచ్చలేదు. ఇన్నేళ్ళ కౌంటరు ఆమెకి నేర్పింది ఒకటుంది. రంగు వెలిసిందని, ధర మండిపోతోందని సతాయించే గిరాకీ చీర కొంటుంది. చూపించిన ప్రతిదానికీ బాగుంది బాగుంది అనే గిరాకీ, చివరికి చెప్పులేసుకుని వెళ్ళిపోతుంది.

నౌకరి పోతే పోయేది జీతం ఒకటే కాదు. జీతంలోంచి కోసుకునే ఈఎస్‌ఐ మీదే ఆమె వైద్యం నడిచింది. ఇంకా ఏళ్ళ తరబడి మింగాల్సిన మాత్రలూ, స్కానింగులూ ఆ కార్డు మీదే ఉన్నాయి. భర్త వేణుమాధవ్ చిలకలగూడలో జిరాక్స్ మిషను నడుపుతాడు. ఆ మిషను ఎవరి కార్డునైనా అచ్చు గుద్దినట్టు తీసిస్తుంది గాని, తన యజమానికి ఒక్క కార్డూ ఇవ్వదు. కాబట్టి చీర విప్పితేనే మాత్ర. ఈ మాట ఊర్మిళ ఎవరితోనూ అనలేదు. రోజూ అన్నం తిన్నాక మాత్ర నాలుక మీద వేసుకునేటప్పుడు మాత్రం అనుకునేది.

చీర విప్పడంలో ఒక విసురుంటుంది. మడతని ఎడమ అరచేతిలో నిలిపి, కుడిచేత్తో కొంగు అంచు పట్టి విసిరితే, చీర గాల్లో ఒక్క క్షణం ఆగి గిరాకీ మోకాళ్ళ ముందు వచ్చి వాలాలి. జరీ మెరిసేది ఆ క్షణంలోనే. తర్వాత కనబడేది ధర. ఊర్మిళ విసురుకి బజారులో పేరుండేది. అందుకే గుమ్మం పక్కనున్న మొదటి కౌంటరు ఆమెది.

ఇప్పుడు కుడి చెయ్యి భుజం దగ్గరే ఆగిపోయింది. ఎడమచేత్తో విసిరితే చీర పక్క గిరాకీ ఒళ్ళో పడింది. ఇంకోసారి విసిరితే చెప్పుల మీద పడింది. మూలనున్న పికో మిషను దగ్గర్నుంచి, చీరల అంచులు కుట్టే బానో చూసి, చూడనట్టు దారం తెంపింది. ఊర్మిళ విసరడం మానేసింది. తెల్లటి పరుపు మీద చీరని ఉంచి, చంటిపిల్లకి పక్క పరిచినట్టు ఎడమ అరచేత్తో నెమ్మదిగా దొర్లించడం మొదలుపెట్టింది. చిత్రంగా, నెమ్మదిగా తెరుచుకునే చీరని గిరాకీలు ఎక్కువసేపు చూశారు.

చేతి తొడుగుని కూడా చూశారు. అది వచ్చిన డబ్బా మీద 'చర్మం రంగు' అని రాసుంది. ఆ చర్మం ఎవరిదో చిలకలగూడ నుంచి బొల్లారం దాకా ఊర్మిళకి ఒక్కరూ కనబడలేదు.

"గదేందమ్మా చేతికి, ఎండకా?" అందొకావిడ.

"ఎండకేనమ్మా."

"షాపుల ఎండ ఏడిది?"

"బస్టాపుల తగిలిందమ్మా. ఇంకా చల్లారలే."

ఆవిడ నవ్వి రెండు చీరలు తీసుకుంది. సేట్ గల్లాపెట్టె వెనకనుంచి అది చూశాడు కూడా. కాబట్టి మర్నాడు జరిగింది ఊర్మిళకి వెంటనే అర్థం కాలేదు.

మర్నాడు ఆమె పాత అలవాటుగా షట్టరు తీసే వేళకే వచ్చింది. నీళ్ళు చల్లారు, అగరొత్తులు వెలిగించారు, సేట్ గల్లా మీది లక్ష్మీదేవి పటానికి దండ మార్చాడు. నిశ్చితార్థం చీర కోసమని తల్లీకూతుళ్ళు మొదటి గిరాకీగా మెట్లెక్కారు. ఊర్మిళ లేచి, "రాండ్రమ్మా, కూసోండ్రి" అంటుండగానే సేట్ పిలిచాడు.

"ఊర్మిళమ్మా, జెర లోపల స్టాకు చూసిరా."

"ఏ స్టాకు సేట్?"

"గదే. లోపలున్నది."

లోపల చూడాల్సిన స్టాకేమీ లేదు. ఆమె పికో మిషను పక్కన నిలబడి, ఏమీ లేని అట్టపెట్టె మూత తీసి పెట్టింది. బయట ఇంకెవరో చీర విసిరిన చప్పుడు, తర్వాత గల్లా తెరిచిన చప్పుడు వినబడ్డాయి. ఆ చప్పుడు కాగానే సేట్ మళ్ళీ పిలిచాడు. ఇప్పుడు రావచ్చు.

మధ్యాహ్నం ఆమె ఇంటికి బయల్దేరుతుంటే, "రేపటి సంది పదకొండు దాటినంక రా అమ్మా" అన్నాడు సేట్, ఎంతో ప్రేమగా. "పొద్దుగాల బస్సులల్ల రష్ ఉంటది. చేతికి ధక్కా తగుల్తె పరేషాన్."

మెట్లు దిగుతూ ఊర్మిళ బానో వైపు చూసింది. బానో మిషను ఆపలేదు. ఆపితే ఏదో ఒకటి అనాల్సి వస్తుంది.

పదకొండంటే బోణీ అయిపోయే వేళ. దినానికి మొదటి అమ్మకం ఎవరి చేతి మీదుగా జరిగితే దినమంతా ఆ చెయ్యే నడుస్తుందని బజారు నమ్మకం. పండ్ల బండివాడు కూడా తొలి నోటుని కళ్ళకద్దుకుని గాని జేబులో వేసుకోడు. జబ్బు పడేదాకా ఈ దుకాణానికి బోణీ చెయ్యి ఊర్మిళదే. వంట్లో చావు పుట్టి, తిరిగి వెళ్ళిందో లేదో తెలియని మనిషి చెయ్యి ఇప్పుడది. సేట్ ఆ మాట అనలేదు. బస్సుల మీద పెట్టి చెప్పాడు. సేట్ సంస్కారవంతుడు.

సాయంత్రం ఎమిలీ ఫోన్ చేసింది. పదకొండు సంగతి వినగానే ఆవిడ గొంతు వెలిగిపోయింది.

"వెరీ గుడ్ ఊర్మిళ గారూ. మనం అడగకుండానే ఫ్లెక్సీ టైమింగ్ ఇచ్చారు. పెద్ద పెద్ద కంపెనీలు కూడా ఇవ్వవు, తెలుసా."

"అవునా మేడమ్," అంది ఊర్మిళ. ఆవిడ సంతోషాన్ని పాడుచేయబుద్ధి కాలేదు. రోజంతా ఎవరి బతుకుల్నో అతికించే మనిషికి ఒక పూట సంతోషం ఉంటే ఉండనీ.

గురువారం సేట్ మిఠాయి డబ్బా తెప్పించాడు. అందరికీ పంచి, ఊర్మిళకి తానే ఇచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"శనివారం నాడు మన వ్యాపారుల సంఘం తరఫున మన ఊర్మిళమ్మకు సన్మానం. ఈడనే, మన దుకాణంల. సంఘం సెక్రటరీ ఉదయ్ భాస్కర్ గారొస్తున్నరు. ఫొటోలు, ఫ్లెక్సీ, అన్నీ. ఇంత పెద్ద బీమారితోని కొట్లాడి గెలిచిన ఆడమనిషి మన దుకాణంల ఉండుడు మనకు ఇజ్జత్."

అందరూ చప్పట్లు కొట్టారు. ఊర్మిళకి కళ్ళు చెమర్చాయి. పదకొండు గంటల సంగతి తానే వంకరగా అర్థం చేసుకున్నానేమో అనుకుంది. ఆ మంచి ఆలోచన చేతిలో లడ్డూ అయిపోయేదాకా ఉంది.

"ఇంకో మాట అమ్మా," అన్నాడు సేట్. "సోమవారం నుంచి కొత్త పిల్ల వస్తది. రేపు జెర తొందర్గ వచ్చి, నీ కౌంటర్ల ఏ సరుకు ఏడున్నదో కాగితం మీద రాసి పెట్టు. మళ్ళ నిన్ను సతాయించొద్దు గద."

సేట్ భోజనానికి వెళ్ళాక బానో మిషను ఆపింది.

"అక్కా, నువ్వు దవాఖానల ఉన్నప్పుడు గల్లాల కూసునే భద్రయ్య మామకు సుత గిట్లనే కప్పిన్రు. శాలువా, దండ, గోడ గడియారం. మామ మస్తు ఖుష్ అయిండు. తెల్లారి ఎప్పటిలెక్కనే టిఫిన్ డబ్బా పట్టుకోని వచ్చిండు. 'ఇంక నీకెందుకు మామా తక్లీఫ్' అన్నడు సేట్. చాయ్ తాగిపిచ్చి పంపిండు."

"మామకు వయసయింది గద."

"నీకు బీమారి అయింది గద," అంది బానో. అని, తన మాటకి తనే బాధపడి, ఊర్మిళ ఎడమచేతిని పట్టుకుంది. "నేను మంచిదాన్ని కాదక్కా. నిజం ముందే చెప్తా."

ఊర్మిళ అరల మీది సుద్ద గీత వైపు చూసింది. ఎవరో దాని మీదుగా చీరలు లాగినప్పుడల్లా కాస్త కాస్త చెరిగి, అక్కడక్కడా మిగిలింది.

శుక్రవారం ఆమె దుకాణానికి ఫోన్ చేసి, చెకప్ ఉందని చెప్పి ఎమిలీ దగ్గరికి వెళ్ళింది. దారిలో ఇంకో రెండు చీరల దుకాణాలు ఎక్కి పని అడిగింది. మొదటి దుకాణంలో తొడుగు చూసి, కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చారు. పని అడిగిన మనిషికి మంచినీళ్ళిచ్చారంటే పని లేదని అర్థం. రెండో దుకాణంలో తొడుగుని కొంగు కింద దాచుకుంది. "చెయ్యి తియ్యమ్మా, చీర ఎట్ల విప్పుతవో చూస్తం" అన్నారు. అక్కడా మంచినీళ్ళే.

ఎమిలీ గదిలో ఒక ఆటోడ్రైవరు పాత స్టీరింగు పట్టుకుని ఎడమ పక్కకి తిప్పలేక చెమటలు కక్కుతున్నాడు. ఎమిలీ అతన్ని కాసేపు కూర్చోమని ఊర్మిళ వైపు తిరిగింది.

"సన్మానమా? ఎంత మంచి మాట. నేనూ వస్తాను."

"వాళ్ళు నన్ను సాగనంపుతున్నరు మేడమ్."

ఎమిలీకి అర్థం కావడానికి భద్రయ్య కథ, కొత్త పిల్ల కథ, చివరికి బోణీ కథ కూడా చెప్పాల్సి వచ్చింది. బోణీ దగ్గరికి వచ్చేసరికి ఎమిలీ చేతిలో పెన్ను కదలడం ఆగింది. ఆవిడ పుట్టి పెరిగింది బొల్లారంలో. బజారంటే ఏమిటో తెలియని మనిషి కాదు.

"నేను ఫ్లెక్సీ టైమింగ్ అని రాసుకున్నాను," అంది మెల్లగా.

"పోనీండ్రి మేడమ్."

ఎమిలీ అక్కడే సేట్‌కి ఫోన్ చేసింది. ఊర్మిళకి అవతలి గొంతు వినబడలేదు గాని ఎమిలీ ముఖంలో సంభాషణంతా కనబడింది. "లేదండీ, గౌరవించొద్దని కాదు... కాదండీ, సంతోషమే... అంటే ఉద్యోగం కూడా... అవునండీ, మీరు చాలా చేస్తున్నారు... సరేనండీ."

ఫోన్ పెట్టేసి, దాన్ని బల్ల మీద దూరంగా జరిపింది.

"ఉద్యోగం తీసేస్తాను అంటే నేను మాట్లాడగలను. కుర్చీ ఇవ్వను అంటే మాట్లాడగలను. శాలువా కప్పుతాను అంటే ఏ రూలు చూపించనండీ? మీరు వెళ్ళకపోతే?"

"ఇంటికి తెచ్చి కప్పుతడు."

"ఆయన చెడ్డవాడు కాదు కదా ఊర్మిళ గారూ."

"కాదు మేడమ్. చెడ్డోడైతే కొట్లాడుదు."

ఆటోడ్రైవరు అంతా వింటున్నాడు. "మా స్టాండోళ్ళు నాకు దండ ఏస్తమంటున్నరు అక్కా," అన్నాడు నీరసంగా. "వద్దని చెప్పాల్నా అయితే?" అతను మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి వేణుమాధవ్ సన్మానం ఆహ్వానాన్ని తన మిషను మీదే కాపీలు తీసి గల్లీ అంతా పంచేశాడు. పెళ్ళయినప్పటి నుంచి భార్య గురించి అతను అంత గర్వపడటం ఆమె చూడలేదు. అత్త శారదమ్మ పెట్టె తీసి మెరూన్ పట్టుచీర మంచం మీద పరిచి ఉంచింది.

"ఫొటోలల్ల ఆ చెయ్యి కొంగు కింద పెట్టుకో బిడ్డా," అంది శారదమ్మ. "చూసేటోళ్ళకు మంచిగుండదు."

"ఆ చెయ్యికే గదత్తా సన్మానం."

శారదమ్మ కొంగుకి ఇస్త్రీ సరిగా లేదంది. ఆ సన్మానం దేనికో ఊర్మిళ వాళ్ళిద్దరికీ చెప్పలేదు. అన్నం తిని, మాత్ర నాలుక మీద పెట్టుకుని, డబ్బాలో ఇంకెన్ని ఉన్నాయో చూడకుండా మూత పెట్టింది.

శనివారం పొద్దున దుకాణం పెళ్ళిపందిరిలా ఉంది. గుమ్మానికి బంతిపూలు, గోడకి ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో ఊర్మిళ పాత ఫొటో, జడ ఉన్నప్పటిది, మధ్యలో చిన్నదిగా. చుట్టూ సంఘం పెద్దలవి పెద్దవిగా ఉన్నాయి. తెల్ల పరుపుని పక్కకి జరిపి కుర్చీలు వేశారు. మధ్య కుర్చీకి తువ్వాలు కప్పి ఊర్మిళని అందులో, ఎదురు కుర్చీలో వేణుమాధవ్‌ని కూర్చోబెట్టారు. తన కౌంటరుకి వీపు పెట్టి కూర్చోవడం ఆమెకి ఇదే మొదలు. సోమవారం రావాల్సిన కొత్త పిల్ల అప్పుడే వచ్చి, సిగ్గుపడుతూ ఆ కౌంటరు పక్కన నిలబడింది.

ఆస్పత్రిలో ఎవరికో బాగోలేక ఎమిలీ రాలేకపోయింది. సెక్రటరీ ఉదయ్ భాస్కర్‌కి ఆ పొద్దున ఇంకో రెండు సన్మానాలున్నాయి. ముందుదాంట్లో ఉపన్యాసాలు తెగలేదని ఫోన్ వచ్చింది. ఆయన రాకుండా బోణీ మొదలుపెట్టడం బాగుండదని సేట్ గిరాకీలని పిలవలేదు. షట్టరు మాత్రం పూర్తిగా తెరిచే ఉంది.

అప్పుడొక పెద్దమనిషి మెట్లెక్కి వచ్చాడు. పంచె కట్టు, చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. బంతిపూలు చూసి, కుర్చీలు చూసి, గుమ్మం లోపలే ఆగిపోయాడు.

"చీర కావాలె," అన్నాడు.

"కార్యక్రమం ఉన్నది. జెరాగి రాండ్రి," అన్నాడు సేట్.

"ఆగ రాదు సేట్. మా చెల్లె పోయింది, తెల్లారగట్ల. కాప్రాల, అత్తగారింట్ల. తల్లిగారింటి చీర తెమ్మన్నరు."

దుకాణంలో అందరికీ అర్థమైంది. భర్త ఉండగా పోయిన ఆడదానికి చివరిగా పుట్టింటివాళ్ళు తెచ్చిన చీర కప్పి పంపాలి. ఆ చీర రాందే పాడె లేవదు. ఆ చీరతో బోణీ చేసుకునే దుకాణం మాత్రం బజారులో ఉండదు.

"ఇంక బోణీ కాలే పెద్దమనిషీ," అన్నాడు సేట్, మాట తడబడుతూ. "పదకొండు దాటినంక రాండ్రి."

"పదకొండుకు ఎత్తుతున్నరు." ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలడం కూడా లేదు. "ఆ మూల సంది అడుక్కుంట వస్తున్న. అందరు గిదే చెప్తున్నరు."

ఊర్మిళ కుర్చీలోంచి లేచింది. లేవాలని అనుకున్నట్టు కూడా ఆమెకి గుర్తులేదు. పదకొండు దాటాక రావాల్సినవాళ్ళు ఆ దుకాణంలో ఇద్దరున్నారు, అంతే.

"రాండ్రన్నా," అంది. "ఇట్ల కూసోండ్రి."

"ఊర్మిళమ్మా..." అన్నాడు సేట్.

"షట్టరు తెరిచే ఉన్నది గద సేట్."

ఆమె పరుపుని ఎడమ కాలితో సర్ది కింద కూర్చుంది. "ఏ రంగు ఇష్టం అన్నా చెల్లెకు?"

ఆయన పరుపు అంచున కూర్చున్నాడు. "తెల్వదమ్మా. పెండ్లప్పుడు ఆకుపచ్చ కట్టుకున్నది. మళ్ళ ఏం కట్టుకున్నదో నేనెన్నడు చూడలే."

"పొడుగుంటదా?"

"ఉండె. కడాఖరికి గింతయింది."

ఆమె కింది అరలోంచి చిలకాకుపచ్చ చీర తీసింది, ఎరుపు అంచుది. కొత్త పిల్ల అడగకుండానే వచ్చి సూదులు తీసింది. ఊర్మిళ చీరని పరుపు మీద మెల్లగా దొర్లించింది. చివర కొంగు తెరుచుకుంది. ఆయన చీరని చూడలేదు. ఆమె కుడిచేతిని చూస్తున్నాడు.

"మా చెల్లెకు సుత గిసొంటిదే తొడిగిన్రు," అన్నాడు. "ఎడమ చేతికి."

ఊర్మిళ అరచెయ్యి చీర మీద ఆగింది. ఆ ఒక్క క్షణం ఆమెకి ఆ ఆకుపచ్చ తన కొలతకే తీసినట్టు కనబడింది.

"నాది కుడి అన్నా," అంది.

ఆయన తలూపాడు, అదేదో పెద్ద తేడా అయినట్టు.

"గిదే ఇయ్యమ్మా. ఎంత?"

ఆ చీరకి బేరముండదని ఇద్దరికీ తెలుసు. చీటీ మీదున్న ధర ఆమె చెప్పలేదు. గంటసేపు బేరమాడి లేచి వెళ్ళిపోబోయే గిరాకీకి ఆఖరున ఎంతకిస్తారో అంతే చెప్పింది. దుకాణం సంచి మీద పెళ్ళికొడుకు పెళ్ళికూతురు బొమ్మ, కింద శుభమస్తు అని ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి, మడతల మధ్య వేసే తెల్ల కాగితంలో చీర చుట్టింది. రెండు చేతులతో ఇచ్చింది. కుడి చెయ్యి కాస్త వెనకబడితే ఆయనే ముందుకి వంగి అందుకున్నాడు. ఎవరెళ్ళినా వెనకనుంచి 'మళ్ళ రాండ్రి' అనడం ఆమె నోటి అలవాటు. ఈసారి ఆ మాట మింగేసింది. ఆయన మెట్లు దిగి గుంపులో కలిసిపోయాడు.

డబ్బు ఆమె చేతిలో ఉంది. సేట్ అందుకోవడానికి చెయ్యి చాపలేదు. గల్లాపెట్టె మూతని మాత్రం పట్టుకుని నిలబడ్డాడు. ఊర్మిళ వెళ్ళి, నోట్లు కళ్ళకద్దుకుని, ఆయన వేళ్ళ పక్కనుంచే గల్లాలో వేసింది.

సరిగ్గా అప్పుడు ఉదయ్ భాస్కర్ ఫొటోగ్రాఫరుతో సహా ఊడిపడ్డాడు. "ఆలస్యానికి క్షమించాలి, ఏరి సన్మానితులు?" అంటూనే శాలువా విప్పాడు. దండ పడింది, గడియారం చేతికి వచ్చింది. "మృత్యువుని జయించిన మాతృమూర్తి ఇకపై ఇంటిపట్టున కుటుంబంతో ప్రశాంతంగా విశ్రాంతి తీసుకోవాలని మనసారా..." అని ఆయన అంటుంటే వేణుమాధవ్ మొదట చప్పట్లు కొట్టి, తర్వాత విన్నాడు. చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. అతను భార్య వైపు చూశాడు. ఆమె కెమెరా వైపు చూస్తోంది. సెక్రటరీ మూడో సన్మానానికి వెళ్ళిపోయాడు.

కుర్చీలు మడిచారు. వేణుమాధవ్ బయట ఆటో మాట్లాడుతున్నాడు. ఊర్మిళ దండ తీసి, గడియారంతో పాటు కౌంటరు మీద పెట్టి, పర్సు వెతుక్కుంది. ఏడుపు రాలేదు. ఏడవాలంటే ఎక్కడో ఒకచోట కూర్చోవాలి, పరుపు మీద ఇంకా చీరల మడత కాగితాలు ఉన్నాయి. అవి ఏరి ఒక దొంతర పెట్టింది.

"చీటీ ధరకే ఇయ్యకపోతివి," అన్నాడు సేట్ వెనకనుంచి. కోపం చేసుకుందామనుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ధర దగ్గర మొదలుపెట్టినట్టున్నాడు. "వాళ్ళు బేరమాడరు గద."

"ఆడరు సేట్. గందుకే."

సేట్ గల్లా వైపు చూశాడు. బేరమాడని గిరాకీ అన్న మాట ఆయనలో ఎక్కడో దిగుతున్నట్టు కనబడింది. కాసేపు గడ్డం గీరుకున్నాడు.

"గిసొంటోళ్ళు రోజూ వస్తరా?"

"మనం పంపిస్తం గనక మనకు తెల్వదు సేట్," అంది బానో మిషను దగ్గర్నుంచి, సూదికి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా. "పొద్దున నేను బస్సు దిగి వచ్చేటప్పుడు చూస్త. ఎవరో ఒకరు తిరుగుతనే ఉంటరు, ఎవలు తెరుస్తరా అని. బజార్ల ఒక్క దుకాణం సుత ఇయ్యదు."

"ఒక్కటి సుతనా?"

"ఒక్కటి సుత."

సేట్ లక్ష్మీదేవి పటాన్ని చూశాడు. దేవిని కాస్త అటు తిప్పి పెట్టొచ్చేమో అని ఆలోచిస్తున్నట్టు చూశాడు. వెనక సందులోకి తెరుచుకునే తలుపు వైపు చూశాడు. "ముందల గల్లాకు ముట్టకుంట," అన్నాడు తనలో తాను. "వెనుక దిక్కు ఒక బల్ల ఏస్తే. పెట్టె వేరే." తర్వాత పైకి, "ఊర్మిళమ్మా, పొద్దుగాల బస్సులల్ల మరీ అంత రష్ ఉంటదా?"

బయట వేణుమాధవ్ ఆటో దొరికిందని పిలిచాడు. ఊర్మిళ కదల్లేదు. తనని దేనికి పిలుస్తున్నారో ఆమెకి పూర్తిగా తెలుసు. అపశకునమని లోపలికి నెట్టిన చేతిని, అపశకునానికే బల్ల వేసి కూర్చోబెడుతున్నారు. వెనక సందు, ఏడుపు ముఖాలు, పొద్దున్నే. ఎవరెవరి కొలతలకో తీయాల్సిన చీరలు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ రంగులు మళ్ళీ మీదికి వస్తాయని కూడా తెలుసు. పర్సులో మాత్రల డబ్బా గలగలమంది, తక్కువ మిగిలినవి చేసే చప్పుడు.

"ఉండదు సేట్," అంది. "కని ఒకటి. చీటీ ధర నేను చెప్ప. ఇయ్యాల ఎంతకిచ్చిన్నో అట్లనే ఇస్త."

"జెర చూసి చెయ్యమ్మా. దుకాణం ఖర్చులుంటయి."

"అట్లయితే ఆ కొత్త పిల్లను కూసోబెట్టుండ్రి."

కొత్త పిల్ల గబుక్కున రెండడుగులు వెనక్కి వేసింది. సేట్ నిట్టూర్చి, కౌంటరు మీది గడియారం తీసుకుని, మేకు ఉన్న గోడ కోసం వెతికాడు. వెనక గదిలో తగిలించడానికి.

ఊర్మిళ శాలువాని మడిచి సంచిలో పెట్టుకుంటుంటే ఎమిలీ ఫోన్ చేసింది. రాలేకపోయినందుకు రెండుసార్లు క్షమించమంది. తర్వాత "ఏమైంది?" అని అడిగింది.

"ఉంచుకుంటున్నరు మేడమ్."

అవతల ఆవిడ ఎవరికో ఆ సంగతి చెప్పడం, ఆ ఎవరో చప్పట్లు కొట్టడం వినబడింది. ఆటోడ్రైవరే అయుండాలి.

"అదే కౌంటరా ఊర్మిళ గారూ?"

"కాదు మేడమ్. వెనుక దిక్కు. పొద్దుగాల డ్యూటీ."

"పోనీలెండి, పొద్దున పూట ప్రశాంతంగా ఉంటుంది. మరి గిరాకీ ఉంటుందా అక్కడ? రేపు గిరాకీ లేదని తీసేయరు కదా?"

ఊర్మిళ గుమ్మం దాకా వచ్చి బజారులోకి చూసింది. ఎండ ఎక్కింది. అన్ని దుకాణాల షట్టర్లూ ఇప్పుడు తెరిచే ఉన్నాయి.

"ఉంటది మేడమ్," అంది. "అది ఎన్నటికీ తక్కువ కాదు."